తీగలు తిరగేసి చూడు

ప్రయోగశాల వెనక గది,
జనవరి 9

అత్తా,

ఫోనులో నువ్వు "తిన్నావా, పడుకున్నావా" దాటి ముందుకి రావు. నేను "ఊఁ, ఊఁ" దాటను. మనిద్దరికీ కాగితమే మేలన్న నీ మాట ఒప్పుకుని ఇదిగో రాస్తున్నాను.

ముందు ఆ వజ్రాల సంగతి తేల్చేయాలి. నాన్న ఎవరితో ఏమన్నాడో తెలీదు గానీ, చుట్టాల్లో ముగ్గురు ఫోను చేసి "వజ్రాల్లో ఉద్యోగమటగా" అన్నారు. ఒకావిడైతే తన ఉంగరంలో రాయి అసలుదో కాదో చూసి చెప్పమంది. నేను చేసే వజ్రాన్ని చూస్తే ఆవిడ ఆ ఉంగరాన్ని గుప్పిట్లో దాచుకుని పారిపోతుంది. నల్లగా, మాడిన మూకుడు అడుగులా ఉంటుంది. మందమా? నీ తలవెంట్రుకని నిలువునా ఇరవై చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత. కోటు గుండీ అంత లోహపు బిళ్ళ మీద, గ్యాసులో, మెరుపులాంటి వెలుగు కింద ఆరేడు గంటలు ఉంచితే ఆ పొర పేరుకుంటుంది. అందులో రవ్వంత నైట్రోజన్ కలుపుతాం. అది కలపకపోతే ఎంత మంచి వజ్రమైనా మా పనికి పనికిరాదు. "కల్తీ చేసినందుకు జీతమిచ్చే చోటు లోకంలో ఇదొక్కటే" అంటాడు మా పంపుల బాబాయ్. గాలి లాగేసే పంపులన్నీ ఆయన చేతి కింద ఉంటాయి, అందుకని ఆ పేరు.

ఆ బిళ్ళని గాలంతా లాగేసిన ఉక్కు పాత్రలో పెట్టి ఎర్రగా కాలుస్తాం. దానికి ఎదురుగా, బియ్యపు గింజ మందం ఎడంలో, ఇంకో బిళ్ళ. రెండూ తగలకుండా మధ్యలో తెల్లటి పింగాణీ రింగులు. వేడికి వజ్రంలోంచి ఎలక్ట్రాన్లు ఎగిరి ఎదుటి బిళ్ళ మీద వాలాలి. పరీక్షకి ఒక చిన్న బ్యాటరీ తగిలించి వాటిని అటు లాగుతాం. వాలితే అది కరెంటు. కొలిమిల్లో, ఇంజన్లలో ఊరికే పోయే వేడిని తిరిగే చక్రమేదీ లేకుండా నేరుగా కరెంటుగా మార్చాలని మా పెద్దసారుది ఇరవై ఏళ్ళ ఆశ.

వాలాలి అన్నాను. వాలడం లేదు. మూడు పొరలు కాల్చాను. మీటరు ముల్లు గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది. పెద్దసారు తిట్టే మనిషి కాదు, అదే కష్టం. వచ్చి, మీటరు చూసి, కళ్ళజోడు తుడుచుకుని వెళ్ళిపోతారు. నా కొలువు ఏప్రిల్ దాకానే. మార్చి ఆఖర్లో ఆయన పెద్ద సభలో మాట్లాడాలి. అక్కడ తలెత్తుకుని చెప్పుకునే అంకె ఒకటి నేను తెస్తే ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటారు. తేకపోతే పెట్టె సర్దుకుని నాన్న దగ్గరికి. అక్కడ ఉంగరాలు చూసి పెట్టుకుంటూ బతకాలి.

నీ ప్రార్థనలో నాకోసం ఒక మాట వెయ్యి. మా పాత్రలో గాలి ఉండదు గానీ, దేవుడికి అదేం అడ్డం కాదనుకుంటా.

పిచ్చుక

*

కుట్టుకొట్టు, కత్తిరింపుల బల్ల,
జనవరి 17

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ మావయ్య గట్టిగా చదివాడు, నేను చొక్కా చేతులు విప్పుతూ విన్నాను. మాడిన మూకుడు దగ్గర ఆయన ఆగి, "ఇంత చదివించింది అంట్లు మాడ్చడానికా" అన్నాడు. మనసులో పెట్టుకోకు. నేను అవతలికి వెళ్ళాక ఉత్తరం మళ్ళీ తీసి రెండుసార్లు చదువుకున్నాడు.

నువ్వు చంటిపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పావు గానీ కోడలా, వేడి పెట్టి ఎలక్ట్రాన్లని ఎగరేసే పని నేను పదకొండేళ్ళు చేశాను. "అత్త టీవీ కంపెనీలో చేసింది" అని మీ ఇంట్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను చేసింది పిక్చర్ ట్యూబుల దగ్గర. వెనక మూట మోస్తున్నట్టుండే ఆ పాత టీవీలు గుర్తున్నాయి కదా. ఆ మూట చివర సన్నటి మెడలో గన్ను ఉంటుంది. గన్ను లోపల చీమ దూరేంత లోహపు గొట్టం, దాని నెత్తిన సున్నంలాంటి పూత. కింద వేడి పెడితే ఆ పూతలోంచి ఎలక్ట్రాన్లు లేచి తెర మీద బొమ్మ గీస్తాయి. నాది పదో తరగతి చదువు. ఎలక్ట్రాను ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలీదు. కానీ అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు అలుగుతుందో తెలుసు.

అందుకని రెండు మాటలు. వట్టి వేలు దేనికీ తగలనివ్వకు. మాకు వేళ్ళకి రబ్బరు తొడుగులుండేవి. తలకి నూనె రాసుకొచ్చిన రోజు గన్నుల గదిలోకి రానిచ్చేవారు కాదు. రెండోది, తొందరపడి కాల్చకు. ఏ పూతైనా లోపల దాచుకున్న గాలి ముందు వదలాలి. కొంచెం వేడి పెట్టు. గాలి కొలిచే మీటరు లేస్తుంది. అది దిగేదాకా ఆగు. మళ్ళీ కొంచెం పెట్టు. అలా పైదాకా వెళ్ళాక, ఆ వేడి మీద గంటల తరబడి ఉంచు. మా దగ్గర అలా కాల్చే మెషిను చూసుకునే పెద్దక్క, "అలిగినవాళ్ళని అన్నానికి పిలిచినట్టు పిలవాలే, గదమాయిస్తే రారు" అనేది. ఆవిడ ట్యూబుల్లో వందకి రెండు కూడా పోయేవి కాదు.

ఇక్కడ కొట్టు బాగానే నడుస్తోంది. ఈ వారం వచ్చినవన్నీ నడుము దగ్గర కుట్టు విప్పి వదులు చేసే పనులే. అందరూ "ఉతికితే బట్ట కుదించుకుపోయింది" అంటారు. మనిషి పెరిగానని ఒక్కరి నోటా రాదు. నేనూ "అవునండీ, ఈ మధ్య బట్టలు అలాగే వస్తున్నాయి" అంటాను. ఈ అబద్ధానికి దేవుడు నవ్వుకుని ఊరుకుంటాడని నా నమ్మకం.

ప్రార్థనలో నీ మాట రోజూ ఉన్నదే, కొత్తగా వెయ్యక్కర్లేదు.

మీ అత్త

*

ప్రయోగశాల, మీటరు పక్కనే,
ఫిబ్రవరి 2

అత్తా,

వచ్చింది.

ఇంకోసారి రాస్తాను, రాయడానికే బాగుంది. వచ్చింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు రోజులు కొంచెం కొంచెంగా వేడి పెంచాను. పంపుల బాబాయ్ వచ్చి, "ఏమ్మా, పాలు పొంగకుండా కాస్తున్నావా" అన్నాడు. మూడో రోజు, ఏడువందల డిగ్రీలు దాటాక, ముల్లు కదిలింది. నేను బల్ల తగిలిందేమో అనుకున్నాను. మళ్ళీ కదిలింది. ఎనిమిది గంటలు ఆ వేడి మీదే ఉంచాను. ఉంచేకొద్దీ పెరిగింది. మర్నాడు ఇంకా పెరిగింది. ఇప్పుడు ఈ ప్రయోగశాలలో ఇంతకుముందు ఎవరికి వచ్చినదానికైనా నలభై రెట్లుంది.

పెద్దసారు వచ్చి చూశారు. కళ్ళజోడు తుడుచుకోవడం మర్చిపోయారు. పుస్తకంలో నేను రాసిన అంకె తీసుకెళ్ళి, సభవాళ్ళకి ఆ రోజే పంపించేశారు. "ఇంకో రెండేళ్ళ సంగతి నేను చూసుకుంటాను" అని ఆయన నోటితో ఆయనే అన్నారు. ఇక్కడ ఇప్పుడు నువ్వు కూడా ప్రసిద్ధురాలివి. మెల్లగా వేడి చేసే పద్ధతికి బాబాయ్ "అత్తవేడి" అని పేరు పెట్టాడు. నిన్న ఒక పెద్దమనిషి అది ఏ శాస్త్రజ్ఞుడి పేరని సీరియస్‌గా అడిగాడు.

తమాషా ఏమిటంటే, ఈ పొర నాలాగే మొండిది. వేడి ఆపేశాక కూడా కరెంటు గబుక్కున పోదు. "ఇక వెళ్తాం" అంటూ గుమ్మంలో గంట నిలబడే చుట్టాల్లా, ముల్లు మెల్లమెల్లగా దిగుతుంది. పాపం తెల్లటి పింగాణీ రింగులు కూడా టీ ఒలికినట్టు గోధుమరంగుకి తిరిగాయి. మరి ఎంత వేడి ఓర్చాయి.

ఇవాళ బయటికెళ్ళి కొత్త చెప్పులు కొనుక్కున్నాను. రెండేళ్ళు నడవాలి కదా.

పిచ్చుక

*

కుట్టుకొట్టు,
ఫిబ్రవరి 9

పిచ్చుకా,

చాలా సంతోషం. మీ మావయ్య ఉత్తరం జేబులో పెట్టుకుని వీధంతా తిరిగాడు.

రెండు సంగతులు రాయి. బిళ్ళ పూర్తిగా చల్లారాక ముల్లు సున్నా మీదకి వస్తోందా? రింగుల మీద గోధుమరంగు అన్ని వైపులా ఉందా, ఒక వైపేనా?

ఊరికే అడుగుతున్నాను. ఇవాళ పెళ్ళివారి కోట్లు నాలుగు ఇవ్వాలి, ఇంతకన్నా రాయడానికి వీల్లేదు. చెప్పులు కొరికితే మడమ దగ్గర కొంచెం సబ్బు రుద్దు.

మీ అత్త

*

వెనక గది,
ఫిబ్రవరి 15

అత్తా,

ఇదేం ఉత్తరం? కుట్టుకొట్టు రసీదులా ఉంది. నలభై రెట్లని రాస్తే చెప్పులకి సబ్బు రుద్దమంటావా? వరసగా నాలుగు కాగితాలు నింపే మనిషికి పెళ్ళివారి కోట్లు అడ్డం వచ్చాయా? మావయ్య ఏమన్నాడో కూడా రాయలేదు. నువ్వు ఏదో మింగుతున్నావు.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. చల్లారాక ముల్లు సున్నా మీదకి రాదు. కొంచెం పైనే నిలబడుతుంది. మీటరు పాతది, ముల్లు బద్ధకం అనుకుని ఆ కొంచెం తీసేసి రాస్తున్నాను. రింగుల రంగు వేడి బిళ్ళ వైపు ఎక్కువ, అవతలి వైపు తక్కువ. అయినా మొత్తం పట్టింది. చాలా?

సారు సభ మార్చి ఇరవై ఆరున. మాట్లాడబోయేదంతా కాగితం మీద రాసుకున్నారు. మొదటి బొమ్మలోనే నా అంకె, కింద నా పేరు. అమ్మకి చెప్తే ఏడ్చింది. నాన్న ఏడవలేదు గానీ ఫోను అమ్మకిచ్చేసి పెరట్లోకి వెళ్ళాడట.

ఎందుకు అడిగావో రాయి. పూర్తిగా రాయి.

పిచ్చుక

*

ఇంట్లో, కిటికీ దగ్గర,
ఫిబ్రవరి 21

పిచ్చుకా,

కోప్పడ్డావు, బాగుంది. కోప్పడకపోతే నేను ఇంకో రెండు వారాలు కోట్ల వెనక దాక్కునేదాన్ని. ముందు నువ్వు చేయాల్సింది రాస్తాను, తర్వాత కారణం.

బిళ్ళ ఎర్రగా కాలుతున్నప్పుడు, బ్యాటరీ నుంచి వచ్చే రెండు తీగల్నీ తిరగేసి పెట్టు. ఇటుది అటు, అటుది ఇటు. వేడిగా ఉన్నది వజ్రం ఒక్కటే కదా. ఎలక్ట్రాన్లు లేస్తే దానిలోంచే లేవాలి. ఎదుటి బిళ్ళ చల్లగా ఉంది, అందులోంచి లేవవు. కాబట్టి తీగలు తిరగేస్తే కరెంటు ఆగిపోవాలి. ఆగితే, నీ సంతోషంలో నీళ్ళు పోసినందుకు నేను చెవులు పట్టుకుంటాను. ఆగకుండా అటూ ఇటూ ఒకేలా పారితే, అది వజ్రం ఇచ్చిన కరెంటు కాదు. రింగుల మీద ఏదో లోహం ఆవిరై పూతగా పడింది. నీ కరెంటు ఖాళీలో ఎగిరి రావడం లేదు, ఆ గోధుమరంగు మీద నడిచి వస్తోంది.

నాకెలా తెలుసంటే, ఇలాంటి అంకె నేనూ చూశాను.

కంపెనీలో ఏడో ఏడాది నన్ను పరీక్షల బల్ల మీద వేశారు. ట్యూబు లోపల ఒక చిన్న రింగు బిగిస్తారు. గాలి లాగేశాక దాన్ని వేడి చేస్తే అందులోని లోహం ఆవిరై గాజుకి అద్దంలా అంటుకుంటుంది, మిగిలిన గాలిని పీల్చేస్తుంది. ఆ రింగు ఎటు చూడాలో చూపించే అచ్చు ఒకటి ఉండేది. ఒక వేసవిలో ఆ అచ్చు వంగింది, ఎవరూ చూసుకోలేదు. ఆవిరి గాజు గోడ మీదకి కాకుండా గన్నుని పట్టి ఉంచే కడ్డీల మీద పడింది. నా మీటరులో అంకెలు పెరిగాయి. చాలా మంచి అంకెలు. ఆ నెల మా లైనే మొదటిది. భోజనాల గది గోడకి మా ఫోటో పెట్టారు. ప్రతి పది ట్యూబుల్లో ఒకదానికి తీగలు తిరగేసి చూడాలని మాకు నియమం. చూశాను. కరెంటు ఆగలేదు. ఇంకోటి చూశాను. ఆగలేదు. మూడోది చూడటం మానేశాను.

తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. అంతమంది అంత సంతోషంగా ఉంటే నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. పొద్దున ప్రార్థనలో కూడా ఆ ఒక్కటీ పక్కన పెట్టి మిగతావన్నీ చెప్పుకునేదాన్ని, ఆయనకి తెలియనట్టు.

పదో రోజు నుంచి టీవీలు తిరిగి రావడం మొదలైంది. తప్పు రింగులు బిగించే అమ్మాయి మీద పడింది. రెండు జడలు వేసుకొచ్చేది, భోజనం దగ్గర నా పక్కనే కూర్చునేది. అచ్చు ఎటు చూపిస్తే అటు బిగించింది, అంతే ఆ పిల్ల చేసింది. పనిలోంచి తీసేశారు. నేను అప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి చెప్పాను. గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది. నీళ్ళిచ్చింది. కూర్చోమనలేదు. ఆమె తప్పేం లేదు. నేనైనా కూర్చోమనను.

ఇది మీ మావయ్యకి తెలీదు. ఈ ఉత్తరం ఆయనకి చదవనివ్వలేదు. "ఏంటంత రహస్యం" అంటే, "ఆడవాళ్ళ సంగతులు" అన్నాను. ఆయన వెంటనే పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తీగలు తిరగేసి చూడు. ఏం వచ్చినా రాయి.

అత్త

*

వెనక గది,
ఫిబ్రవరి 28

అత్తా,

తిరగేసి చూడక్కర్లేదు. నాకు ముందే తెలుసు.

ఇది నీకు తప్ప ఎవరికీ రాయలేను. మొదటిసారి ముల్లు కదిలిన రోజు, కంగారులో ఎర్రతీగ నల్లతీగ స్థానంలో పెట్టేశాను. ముల్లు మధ్యలో ఉండే సున్నా దాటి ఎడమ వైపుకి వెళ్ళింది. సరిచేసి పెడితే కుడి వైపుకి, సరిగ్గా అంతే దూరం వెళ్ళింది. ఇలా అవకూడదని ఆ నిమిషమే నాకు తట్టింది. తర్వాత "కంగారులో ఏదో చేసుంటాను" అనుకున్నాను. ఎడమ వైపు అంకె పుస్తకంలో రాయలేదు. సారు పుస్తకంలో ఉన్నదే చూస్తారు. నా రాత మీద ఆయనకి అంత నమ్మకం.

ఇంకా ఉంది. మూడు పొరలు పోయాక నాలుగోదానికి బిళ్ళ క్లిప్పులో సరిగ్గా నిలవలేదు. అందుకని వెండి పొడి కలిపిన జిగురుతో అంటించాను. బాబాయ్ అప్పుడే అన్నాడు, "అది తక్కువ వేడికమ్మా, ఎర్రగా కాల్చేదానికి కాదు" అని. ఒక్కసారికేం కాదులే అన్నాను. మామూలుగా కాల్చి పది నిమిషాల్లో ఆపేస్తే నిజంగానే ఏమీ అయ్యేది కాదేమో. కానీ నీ పద్ధతిలో రోజుల తరబడి కాల్చాను. వెండంతా ఆవిరై రింగుల మీద కూర్చుంది. నా జిగురూ నీ వేడీ కలిసి నలభై రెట్లు తెచ్చాయి. వజ్రానికి ఇందులో ఏ పాపమూ తెలీదు.

నాకు తెలుసని నువ్వు కనిపెట్టావా? లేక తెలియకే ఆ ట్యూబుల కథ రాశావా? ఎలాగైనా సరే, నాలుగు రోజులుగా ఆ రెండు జడల అమ్మాయి నా బల్ల పక్కనే కూర్చుని భోంచేస్తోంది.

చెప్తే రెండేళ్ళు పోతాయి. చెప్పకపోతే సారు అంతమంది ముందు నిలబడి నా అబద్ధాన్ని తన గొంతుతో చెప్తారు. ఎవరో ఒకరు ఎక్కడో అదే చేసి చూస్తారు, రాదు. అప్పుడు పోయేది ఆయన ఇరవై ఏళ్ళు. ఇవాళ కారిడార్‌లో ఎదురై "బాగా నిద్రపోతున్నావా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అన్నారు. "బాగానే పోతున్నాను సార్" అన్నాను. ఆ అబద్ధాన్నీ లెక్కలో వేసుకో.

పిచ్చుక

*

కుట్టుకొట్టు,
మార్చి 5

పిచ్చుకా,

నేను కనిపెట్టలేదు. నాకు అంత తెలివి లేదు. నా సంగతి నేను రాసుకున్నాను, అంతే.

వెండి జిగురు సంగతి తెలిసుంటే అంతసేపు కాల్చమని చెప్పేదాన్ని కాదు. మా గన్నుల్లో వెండి ఉండేది కాదు, నాకు తట్టలేదు. అందులో సగం నాది. మీ సారుతో అలాగే చెప్పు, సగం అత్తదని. నవ్వితే నవ్వనీ.

చెప్పమని గానీ వద్దని గానీ నేననను. ఎప్పుడు చెప్పినా కష్టమే. కానీ తొమ్మిదో రోజున ఉన్నంత కష్టం మొదటి రోజున లేదని మాత్రం నాకు తెలుసు. ఉత్తరాలకి పట్టే రోజులు కూడా కలుపుకుంటే నీకు సభ దగ్గరికి వచ్చేస్తోంది. నా జవాబు కోసం కూర్చోకు.

ఒక పనికొచ్చే మాట. ఆ గొడవ తర్వాత మా గాజు కడ్డీలకి చుట్టూ ఒక గాడి పెట్టారు, లోతుగా, సన్నగా. ఆవిరి ఎంత పడ్డా గాడి లోపలికి పోదు. పూత అక్కడ తెగిపోతుంది, కరెంటు నడవడానికి దారి ఉండదు. మీ రింగులకి అలా పెట్టించొచ్చేమో చూడు.

చెప్పే రోజు మాత్రం ఏదైనా తిని వెళ్ళు. నువ్వు చిన్నప్పుడు ఖాళీ కడుపుతో బడిలో పద్యం చెప్పడానికి నిలబడి పడిపోయావు.

అత్త

*

ప్రయోగశాల,
మార్చి 21

అత్తా,

తినే వెళ్ళాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే, మార్చి పదకొండున, రెండు రొట్టెముక్కలు బలవంతంగా మింగి వెళ్ళాను.

సారు గదిలో ఒంటరిగా చెబుదామనుకున్నాను. తీరా వెళ్తే బాబాయ్ అక్కడే ఉన్నాడు, ఏవో పంపు నూనెల సంగతి మాట్లాడుతున్నారు. మళ్ళీ వస్తానని వెనక్కి తిరిగితే ఇంక రానని నాకే తెలుసు. అందుకని ఇద్దరి ముందూ చెప్పాను. ఎడమ వైపు అంకె, జిగురు, నువ్వు, ట్యూబులు, గాడి, అన్నీ ఒకదాని మీద ఒకటి పోసేశాను. బాబాయ్ జిగురు మాట రాగానే కిటికీ వైపు తిరిగాడు. "నే చెప్పాను" అని ఒక్క మాట అనలేదు.

సారు "పద" అన్నారు. బిళ్ళ వేడెక్కించడానికి సగం రోజు పట్టింది, ఆయన స్టూలు మీద కూర్చునే ఉన్నారు. ముల్లు కుడికి వెళ్ళాక, "తిరగెయ్యి" అన్నారు. తిరగేశాను. ఎడమకి అంతే దూరం వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి సార్."

"పుస్తకం తియ్యి. ఆ రోజు చూసింది ఇప్పుడు రాయి. ఆ రోజు తేదీ వెయ్యకు, ఇవాళ తేదీ వెయ్యి."

రాశాను. ఆయన చదివి, వెళ్ళిపోయారు. రెండు రోజులు రాలేదు. సభవాళ్ళకి అంకె వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం వెళ్ళిందని ఆఫీసు గుమస్తా చెప్పాడు. నేను బల్ల సొరుగు ఖాళీ చేసి, నా కప్పు, శాలువా సంచీలో పెట్టుకున్నాను. బాబాయ్ చూసి, "ఆ కప్పు మీద పంపు నూనె మరకలున్నాయి, ఇంటికి తీసుకెళ్తే మీ అమ్మ పారేస్తుంది, ఇక్కడే ఉంచు" అన్నాడు. అది ఓదార్పని నాకు సాయంత్రానికి అర్థమైంది.

మూడో రోజు సారు వచ్చారు, చేతులు గ్రీజుతో. రెండు రోజులూ లేతు మెషిను గదిలో ఉన్నారట. జేబులోంచి రుమాలు తీసి విప్పారు. అందులో నాలుగు తెల్లటి రింగులు, ఒక్కోదాని చుట్టూ సన్నటి గాడి. "మీ అత్తగారు గాడి ఎంత లోతుండాలో చెప్పారా?" అని అడిగారు. చెప్పలేదన్నాను. "అయితే నేను వేసిన లెక్కే దిక్కు" అన్నారు. నా వైపు చూసి నవ్వలేదు. అంత త్వరగా నవ్వరు, నవ్వాలని నేను కూడా అనుకోవడం లేదు. రెండేళ్ళ మాట ఇక తన చేతిలో లేదని, ఆరు నెలలకి మాత్రం అడిగి చూస్తానని చెప్పారు. నిన్న ఆ కాగితం వచ్చింది. ఆరు నెలలే. ఆరు నెలలు.

కొత్త పొర, జిగురు లేకుండా క్లిప్పులు మాత్రమే. బిగించడానికి నాకు ఒక పూటంతా పట్టింది, రెండుసార్లు ఏడుపొచ్చింది. నీ వేడే పెట్టాను, అది తప్పు కాదని సారు కూడా ఒప్పుకున్నారు. ఇవాళ మధ్యాహ్నం ఎర్రబడింది. అందరం మీటరు చుట్టూ మూగాం. ముల్లు కదిలింది, కానీ నీకు చూపించాలంటే భూతద్దం కావాలి. వెనకటి నలభై ఎక్కడ, ఇదెక్కడ. మా పాత అంకెలతో పోల్చినా ఒకటికి ఒకటిన్నర, అంతే.

"తిరగెయ్యి" అన్నారు సారు.

తీగలు విప్పి మార్చాను. ముల్లు దిగింది. సున్నా మీదకి వచ్చి ఆగింది. బాబాయ్ మీటరు అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. కదల్లేదు. మళ్ళీ సరిగ్గా పెడితే ఆ చిన్న ఒకటిన్నర తిరిగొచ్చింది. తిరగేస్తే సున్నా. ఏడుసార్లు చేశాం అత్తా. ఏడోసారి ఎవరికీ అవసరం లేదు, అయినా చేశాం.

ఎలక్ట్రాన్లు వజ్రంలోంచి ఎగిరి వస్తున్నాయి. కొన్నే. కానీ అవే వస్తున్నాయి, ఇంకేదీ కాదు.

సారు పుస్తకం తనవైపు లాక్కుని కుడి వైపు అంకె తనే రాశారు. దాని కింద గీత గీసి, పుస్తకం నా ముందుకి తోసి కలం ఇచ్చారు. "ఎడమ వైపుది నువ్వు రాయి" అన్నారు.

సున్నా అని రాశాను. గుండ్రంగా, పెద్దగా, ఎవరికైనా కనిపించేట్టు.

పిచ్చుక